కుళాయి కింద మాటలు

నీటి పరీక్షలు చేసే ప్రభుత్వ ల్యాబులో సీసాలు కడిగే గది. మధ్యాహ్నం భోజనాల వేళ. సీసాల గది చూసుకునే పెద్దావిడ, పక్కన స్టూలు మీద ల్యాబ్ టెక్నీషియన్.

"తలుపు దగ్గరికి వెయ్యి. మరీ మూసేయకు, అనుమానపడతారు. ఆ కుళాయి ఇంకాస్త తిప్పు."

"నీళ్ళు వృథా అక్కా."

"పోనీలే, నీళ్ళ ఆఫీసులో నీళ్ళకి కరువా? గోడకి అవతల మన భూతద్దం, ఆ సోడాబుడ్డి కళ్ళజోడు గుమస్తా, కూర్చుని ఉన్నాడు. చూపు ఆనదు గానీ, చెవులు మాత్రం పాము చెవులు."

"మొన్నమొన్నటిదాకా నన్ను చెల్లెమ్మా, చెల్లెమ్మా అనేవాడు. ఇవాళ మెట్ల మీద ఎదురుపడ్డాడు. ఏదో మరిచిపోయినట్టు జేబులు తడుముకుని వెనక్కి వెళ్ళిపోయాడు."

"భయం. ఎవరి భయం వాళ్ళది. ముందు డబ్బా తెరువు."

"ఆకలి లేదు."

"లేకపోవడమేంటి? పొద్దున్నుంచీ ఏం చేశావు?"

"ఏం చేస్తాను? మెట్ల కింద కుర్చీ వేశారుగా. బల్ల లేదు, పని లేదు. ఎదురుగా గోడ, గోడ మీద బల్లి. ఇవాళ అదీ రాలేదు."

"చాల్లే, నువ్వూ నీ బల్లీ."

"నిజం అక్కా. ఇందాక గొంతు సవరించుకుంటే నా గొంతు నాకే కొత్తగా వినబడింది. పొద్దున్నుంచీ ఎవరితోనూ ఒక్క మాట లేదు."

"ఇంట్లో మీ ఆయనున్నాడుగా?"

"ఉన్నారు. 'తప్పయింది అని రాసిచ్చి వదిలించుకో' అంటారు. పొద్దున అదే, సాయంత్రం అదే. నేనే మాట్లాడ్డం మానేశాను."

"రాసిస్తే పోయేదిగా మరి?"

"ఏమని రాయను? 'సారు సీసాలన్నీ ట్యాంకు పక్క కుళాయి దగ్గరే నింపమన్నారు, నేను నింపనన్నాను, క్షమించండి' అని రాయనా?"

"నెమ్మది! నెమ్మది!"

"ఏ వీధి సీసా ఆ వీధి చివర పట్టాలి కదా అక్కా. ట్యాంకు పక్కన పడితే ఎప్పుడు చూసినా శుభ్రంగానే ఉంటాయి. సీసాల మీద మాత్రం వీధుల పేర్లు అంటించి..."

"నాకు చెప్తావేంటే? ఊరంతా తిరిగి పట్టుకురమ్మని కడిగిచ్చిన సీసాలు టీ తాగొచ్చేలోపు నిండి వచ్చేస్తే, నాకు అర్థం కాదా?"

"అయితే అదే రేపు వచ్చి చెప్పు."

"మళ్ళీ మొదలెట్టావూ."

"రేపే అక్కా ఎంక్వైరీ. రేపటితో అటో ఇటో తేలిపోతుంది."

"నువ్వు కక్ష సాధింపు అని ఫిర్యాదు పెట్టావుగా, పై ఆఫీసులో? దాని సంగతేంటి?"

"నిన్న పిలిచారు. అక్కడి మేడమ్ మంచావిడే. కూర్చోమంది, నీళ్ళు కూడా ఇచ్చింది."

"తాగావా?"

"మన ఉద్యోగం చేసి ఎవరైనా తాగుతారా?"

"అదీ! ఇప్పుడు కాస్త నవ్వావు. ఇదిగో, ఈ కూర వేసుకో. ఊఁ, ఏమంది?"

"'మెమో వచ్చింది సోమవారం. మీ ల్యాబు మీద నువ్వు ఫిర్యాదు చేసింది మంగళవారం. ఫిర్యాదు కంటే ముందే మెమో వస్తే, ఫిర్యాదు చేసినందుకు కక్ష కట్టారని ఎలా అంటావమ్మా?' అంది."

"అదీ నిజమే కదా."

"'చెయ్యబోతున్నానని మా సారుకి ముందే తెలుసు మేడమ్' అన్నాను. 'ఎలా తెలుసు?' అంది. 'ఎవరో చెవిన వేశారు' అన్నాను."

"ఇదిగో, ఈ పచ్చడి కూడా వేసుకో."

"'ఆ ఎవరో వచ్చి ఒక్క మాట చెబితే చాలు, మెమో నిలబడదు. రాకపోతే నేనేం చెయ్యలేను. దొంగతనం కింద ఉద్యోగం పోతుంది' అంది."

"దొంగతనమా? ఒక్క గాజుసీసాకి దొంగతనమా! నా చేత్తో నేనే కదే ఇచ్చాను... ఇదిగో, ఇచ్చానని ఎక్కడా అనకు."

"అనలేదు."

"మీ వీధిలో పిల్లలందరికీ విరేచనాలు, నా కూతురికి కూడా అని నువ్వు ఇక్కడ కూర్చుని ఏడుస్తుంటే చూళ్ళేక ఇచ్చాను. అంతే. ఇంకేం లేదు."

"నాకు తెలీదా? సొంతంగా ఒక్క సీసా పట్టుకొచ్చి, పరీక్ష చేసి, ఆ కాగితంతో సహా ఫిర్యాదు పెడదామనుకున్నాను. నీకూ అదే చెప్పాను."

"చెప్పావు, చెప్పావు."

"ఆదివారం తెల్లారకముందే పట్టాను. క్రిములు పోయేలా ముందు కుళాయి మూతి కాల్చాలి కదా, ఇంట్లో స్పిరిట్ దీపం ఎక్కడిది?"

"పిల్ల పుట్టినరోజు కొవ్వొత్తి!"

"గులాబీ రంగుది."

"అబ్బ, ఆ మాట చెప్పినప్పుడు ఎంత నవ్వానే! పొట్ట పట్టుకుని నవ్వాను. వీధి కుళాయికి పుట్టినరోజు చేశావా అన్నాను."

"ఆవేళ ఇద్దరం నవ్వాం. సోమవారం నేను డ్యూటీ ఎక్కగానే. ఆ తరవాత సీసాని నీ మందుల డబ్బా వెనక ఫ్రిజ్‌లో పెట్టాం. నేను వచ్చి చూసేసరికి లేదు."

"ఈ గదికి తాళమా, తలుపా? ఎవరైనా వస్తారు, ఎవరైనా పోతారు. భూతద్దమే చూసుంటాడు."

"ఆయనకి చూపు ఆనదన్నావుగా."

"దగ్గరివి ఆనుతాయేమో! పోనీ, జీపు డ్రైవరు?"

"ఆ వారమంతా సెలవు."

"అయితే మీ ఆయనే ఎక్కడో నోరు జారుంటాడు. మగవాళ్ళ నోట్లో మాట దాగుతుందా?"

"ఆయనకి సీసా సంగతే తెలీదు అక్కా."

"ఏమో మరి. నన్నడిగితే నాకేం తెలుసు? నేనొచ్చి ఏం చెప్పను? ఆ కుళాయి సన్నబడింది చూడు, కొంచెం తిప్పు."

"పూర్తిగా తిప్పే ఉంది."

"నా బతుకు నీకు తెలియనిదా? మా తమ్ముడు మంచంలో ఉన్నాడు. నేను వెళ్ళి లేపితే లేచి కూర్చుంటాడు, లేకపోతే లేదు. నన్ను ఏ మూలకో బదిలీ చేస్తే వాడి గతేంటి?"

"తెలుసు."

"సారు రూములోకి పిలిచి, 'మీ తమ్ముడికి ఎలా ఉందమ్మా, దూరం వెళ్ళాల్సొస్తే ఎలా చూసుకుంటావు' అని అంత మెత్తగా అడిగితే, ఎవరైనా ఏం చేస్తారు?"

"ఎప్పుడు పిలిచారు?"

"ఎప్పుడో. ఎప్పుడైతే ఏంటి?"

"సోమవారమా?"

"తిను ముందు. చల్లారిపోతోంది."

"చల్లారేదేం లేదు, పొద్దుటి కూరేగా. సోమవారమేనా అక్కా?"

"సీసాలు తక్కువొచ్చాయని పిలిచారు. ఒకటి తగ్గింది కదా మరి. అందరినీ పిలిచారు, నన్నొక్కదాన్నే కాదు. అయినా లాయరులా ఏంటీ ప్రశ్నలు?"

"మెమోలో ఏం రాశారో నీకు ఎప్పుడైనా చదివి వినిపించానా?"

"నాకెందుకే ఆ దరిద్రం."

"ఒక్క ముక్క వినిపిస్తాను. 'ప్రభుత్వ సీసాను దొంగిలించి, పుట్టినరోజు కొవ్వొత్తితో వీధి కుళాయిని కాల్చి, శాఖ పద్ధతులను ఎగతాళి చేసినందుకు...'"

"చాలు, ఇంక చదవకు."

"సీసా ఫ్రిజ్‌లో దొరుకుతుంది అక్కా. కొవ్వొత్తి దొరకదు."

"ఎవరో... మీ వీధిలో ఎవరో..."

"తెల్లారకముందు. వీధిలో పిట్ట లేదు. కుళాయి కట్టేస్తున్నాను."

"వద్దే. కట్టకు."

"కట్టేశాను. ఇంక రహస్యం ఏముంది?"

"నేను నీ మీద చెడుగా ఏం చెప్పలేదు. ఒట్టు. పసిపిల్ల లాంటిది సారూ, వదిలెయ్యండి, కొవ్వొత్తి పట్టుకుని తిరిగే పిల్ల సారూ అన్నాను. నవ్వి ఊరుకుంటారనుకున్నాను. ఫిర్యాదు ఎప్పుడు పెడుతుంది అని అడిగారు. 'రేపే' అని నా నోట్లోంచి వచ్చేసింది."

"నవ్వారా?"

"నవ్వారు. నవ్వుతూనే టైపు చేసే అబ్బాయిని పిలిచారు."

"ఊఁ."

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"మెమో చేతికిచ్చిన రోజే."

"ఆ రోజే? ఆ రోజు మధ్యాహ్నం నువ్వు ఇక్కడికొచ్చి నా పక్కన కూర్చున్నావు!"

"కూర్చున్నాను. నీ డబ్బాలోంచి సగం నాకు పెట్టావు."

"తెలిసీ తిన్నావా? ఇన్నాళ్ళూ? నన్ను నాలుగు తిట్టొచ్చుగా! నా మొహాన ఈ డబ్బా విసిరికొట్టొచ్చుగా!"

"కోపం రాలేదనుకున్నావా? మెట్ల కింద కూర్చుని రోజూ నిన్ను తిట్టుకునేదాన్ని. భోజనాల గంట కొట్టేసరికి కాళ్ళు ఇటే వచ్చేవి."

"ఇంక ఏడిపించకు. రేపు మేడమ్‌కి నా పేరు చెప్పెయ్. పిలిస్తే వస్తాను. అడిగితే అబద్ధం చెప్పలేను, నీకు తెలుసు."

"తెలుసు. చెబితే మెమో కొట్టేస్తారు. నాకు మళ్ళీ బల్ల ఇస్తారు, పని ఇస్తారు."

"మరింకేం? చెప్పెయ్యి!"

"చెబుదామనే రోజూ ఇంట్లోంచి బయల్దేరతాను. కానీ ఇంత పెద్ద బిల్డింగులో నన్ను 'తిన్నావా' అని అడిగేది నువ్వొక్కదానివే అక్కా. నిన్ను పట్టించి నా బల్ల నేను తెచ్చుకున్నాక, మధ్యాహ్నం ఈ డబ్బా పట్టుకుని ఎవరి దగ్గరికి రాను?"