మేస్త్రీ నంబరు

వేలూరులో ఒక ఆసుపత్రి. ఐసీయూ బయట పొన్నమ్మ, పక్కనున్నామె ఫోను అడిగి తీసుకుంది. అవతల గుడియాత్తంలో, పని ఆగిపోయిన కొత్తిల్లు దగ్గర మేస్త్రీ జయరామయ్య.

“మళ్ళా నేనే, మేస్త్రీ. మెసేజి ఏమన్నా వచ్చిండాదా?”

“వస్తానే ఉండాయిలేమ్మా. నువ్వేమన్నా తిన్నావా?”

“తిండి మాట ఎత్తద్దు. ఆయన కండ్లు తెరిచినాడా లేదా, అది చెప్పు. ఈడ ఎవురూ నోరు మెదపరు. అన్నీ మీ ఫోనుకే పోతాయి, చూసుకోండి అంటారు. నాకు యాడుండాది ఫోను? నీ నంబరే గదా ఇచ్చింది.”

“ఎప్పుడూ అంతే గదా. మన కూలోళ్ళు ఎవురు ఆసుపత్రికి పోయినా నా నంబరే.”

“అయితే చదువు. వచ్చినవన్నీ చదువు.”

“ముందు రక్తం ఎక్కిస్తా ఉండామని వచ్చె. మళ్ళా తలకు స్కాన్ తీసినామని వచ్చె.”

“దాని తర్వాత?”

“దాని తర్వాత... ఈడ సిగ్నల్ సరిగా లేదు. మీ చెల్లెలు సుగన్యను బస్సెక్కించినా, నీకాడికి వస్తా ఉండాది.”

“దాన్నెందుకు పంపిస్తివి? పిలకాయల్ని ఎవురు చూసేది?”

“మా ఇంట్లో ఉండారు. తిన్నారు, ఆడుకుంటా ఉండారు.”

“నువ్వు ఏందో దాస్తా ఉండావు.”

“దాచేది ఏముండాది...”

“కౌంటర్ కాడ మా ఆయన దొరై ఎట్లుండాడని అడిగితే, దొరై అనే పేరే లేదంటాది ఆడ కూర్చున్న పాప. మొన్న అన్నీ క్లౌడుకు మార్చినారంట, దాంట్లో లేకుంటే లేనట్టేనంట. గోడకు కట్టిన సారం కొయ్యల మీద నుంచి పడినోడు అంబులెన్సులో నాతో మాట్లాడినాడు మేస్త్రీ. నీళ్ళడిగినాడు. నా ముందరే లోపలికి తీసకపోయినారు. అట్లాంటోడు లేడంటే ఎట్లా?”

“ఆ పాపతో కొట్లాడొద్దు. నేనూ బయల్దేరతా ఉండా. కాసేపు కూర్చో తల్లీ.”

“యాడ కూర్చునేది? ఇందాకట్నుంచి మైకులో ఒకటే గోల. జయరామయ్య మనుషులు రండి, జయరామయ్య మనుషులు రండి అని. ఎవురూ పోయేది లేదు. ఎవురో పాపం, నీ పేరేనే అని కూడా అనుకున్యా.”

“పొన్నమ్మా.”

“ఏంది?”

“నిన్నేనమ్మా పిలిచేది.”

“నన్నా? నా మొగుడు దొరై గదా.”

“కొత్త కంప్యూటర్లో ఒక నంబరుకు ఒకే పేరంట. నంబరు నాది. అందుకని దొరైని కూడా నా పేరు మీదనే ఏసేసినారు. వాడికి వచ్చే మెసేజిలన్నీ జయరామయ్య అనే వస్తా ఉండాయి.”

“అట్లయితే ఉండాడు. లోపల ఉండాడు గదా మేస్త్రీ? నేను పోతా. జయరామయ్య మనిషిని నేనేనని చెప్తా, చూడనిస్తారు... ఉండు, స్కాన్ తర్వాత మెసేజి నువ్వు చదవనే లేదు. ఆకరుగా వచ్చిన దాంట్లో ఏమి రాసుండారు? చదువు నాయనా. నీ కాళ్ళు పట్టుకుంటా, ఉండేది ఉన్నట్టు చదువు.”

“నేను చచ్చిపోయినానని రాసుండారు, పొన్నమ్మా.”