రెండో కవరు

ఇవ్వాలా, దాచుకోవాలా? మూడు రోజులుగా తనను తాను అడుగుతున్న ఈ ప్రశ్నతోనే తమ్ముడు అన్నగారి ఫ్యాక్టరీ ఆఫీసులో కూర్చున్నాడు. కవరు జేబులో ఉంది. ఎడమ పక్క కుట్లు ఇంకా సలుపుతున్నాయి.

“టీ తాగుతావురా?”

“నీ తొట్టి వాసనలోనా? వద్దన్నయ్యా.”

“మళ్ళీ తొట్టి! ఇనుప ముక్కల జిడ్డు కడిగే మందురా అది. ఎంతమంది కడగలేదు? నీకొక్కడికే కిడ్నీ పోయిందేం?”

“పద్దెనిమిదేళ్ళు మోచేతుల దాకా ముంచింది నేనొక్కణ్ణే గనక.”

“రిపోర్టు చదివావుగా? దెబ్బతిన్న డీఎన్ఏని బాగుచేసే జన్యువు నీలో తేడాగా ఉందట. క్యాన్సర్ నీ రక్తంలోంచి వచ్చింది, నా తొట్టిలోంచి కాదు.”

“డాక్టరమ్మ అలా అనలేదే. ఆ తేడా ఒక్కదానితో ముప్పు కాస్తే పెరుగుతుందంది. కానీ మరమ్మతు చేసేవాడు బద్ధకస్తుడైన ఇంట్లో రోజూ గోడ పగలగొట్టకూడదంది.”

“ఆవిడ సామెతలు నాకొద్దు. ఈ కాగితం మీద సంతకం పెట్టు. ‘జబ్బు పుట్టుకతో వచ్చింది, తొట్టికి సంబంధం లేదు.’ ఫ్యాక్టరీ మీద లేబర్ ఆఫీసు విచారణ ముగిసిపోతుంది.”

“ముందు నువ్వు పెట్టు.”

“ఇదిగో, పెట్టాను. చాలా?”

“నిజంగానే నమ్ముతున్నావా?”

“నమ్మకపోతే, పొద్దున్నే నా కూతుర్ని ఆ తొట్టి దగ్గర నిలబెడతానా? పనివాళ్ళు జంకుతున్నారు. ‘చూడండి, నా బిడ్డే కడుగుతోంది’ అన్నాను. నోళ్ళు మూతపడ్డాయి.”

“చిట్టినా? ఇప్పుడు... అక్కడుందా?”

“ఏం, మొహం అలా పాలిపోయింది?”

“అన్నయ్యా, ఆ రోజు ల్యాబులో నువ్వూ రక్తం ఇచ్చావు.”

“ఇచ్చాను. ఒక తల్లి పిల్లలమైనా నాది మంచి రక్తమని పక్కపక్కన పెట్టి చూపిద్దామని. ఇంకా రాలేదు.”

“వచ్చింది. ఫ్యాక్టరీ పేరు బయటపడకూడదని రెండు ఫారాల మీదా నా అడ్రసే రాశావుగా.”

“ఏదీ? ఇలా ఇవ్వు!”

“మూడు రోజులు దాచాను. ‘చెడ్డ రక్తం’ అని నువ్వన్నప్పుడల్లా జేబు తడుముకుని నవ్వుకున్నాను. నీకూ ఈ పక్కే నొప్పి రావాలని దేవుడికి దండం పెట్టుకున్నాను. ఇదిగో, తీసుకో.”

“ఇది... ఇది నీదేరా. అదే జన్యువు, అదే తేడా.”

“పైన పేరు చూడు.”

“నా పేరే...”

“చిట్టికీ వచ్చి ఉండే అవకాశం సగానికి సగం.”

“తమ్ముడూ...”

“ఉండు, ఫోన్ కలిసింది. చిట్టీ, నేనే, బాబాయిని. చేతిలో ముక్క అక్కడే పారేసి బయటికి రా తల్లీ. పరుగెత్తు. ఎందుకా? మీ నాన్న చెబుతాడు. అక్కడున్న వాళ్ళందరికీ వినబడేలా స్పీకర్ పెట్టు. పెట్టావా? ఇదిగో అన్నయ్యా, ఫోన్. తొట్టికి సంబంధం లేదని ఇప్పుడేగా సంతకం పెట్టావు? మరి బిడ్డ బయటికెందుకు రావాలి? చెప్పు.”