మునిరామయ్య తీసేసిన మరక

పెద్దలారా, అమ్మలారా, తమ్ముళ్ళారా,

మన ఫోటోల మునిరామయ్య పోయి ఈ రోజుకు పదకొండు దినాలు. ఆయన స్టూడియో తలుపు మూసి ఉండడం చూడలేక నేను ఆ వీధిన పోవడమే మానుకున్నాను. మీలో చాలామందీ అంతే అనుకుంటాను. లేకపోతే ఇంత ఎండలో, పిలవని పేరంటానికి వచ్చినట్టు, ఇంతమంది ఎందుకు వస్తారు?

లోపలికి వస్తూ మీరంతా ఆ కుర్చీ వైపు చూశారు. దండ వేసి అందులో పెట్టిన పటంలో మునిరామయ్య ముఖం లేదు. నల్లటి ఆకాశం, కొన్ని చుక్కలు, నడుమ ఏటవాలుగా ఒక తెల్లటి మసక. ఇదేమిటని నన్ను అడిగారు కూడా. ఆ పటం పెట్టమన్నది ఆయన ఇల్లాలు అలివేలమ్మ గారే. ఎందుకు పెట్టమన్నారో చెప్పడానికే నేను నిలబడ్డాను.

ముందు ఆయన చేతిపని గురించి చెప్పాలి. ఫోటో పడిన గాజు ప్లేటును మందునీళ్ళలో కడిగాక దాని మీద మరకలుంటే సన్న కత్తితో గీకేవాడు. ముఖాన అమ్మవారు పోసిన మచ్చలుంటే పెన్సిలు మొనతో పూడ్చేవాడు. అదుగో, నర్సు నిర్మలమ్మ అక్కడ కూర్చుని ఉంది. చదువుకు దరఖాస్తు పెట్టేందుకు ఫోటో కోసం పోయి, మచ్చలన్నీ తీసెయ్యమని అడిగిందట. అన్నీ తీసి, గడ్డం మీద ఒక్కటి వదిలేశాడు. "ఇదుండనీ తల్లీ. ఆడికి పొయ్యినాక నువ్వు నువ్వేనని వాళ్ళు నమ్మాల గదా" అన్నాడట. నవ్వుతోంది చూడండి నిర్మలమ్మ. నవ్వమ్మా, ఆయనకూ అదే ఇష్టం.

ఇక నా సంగతి. నేను బడిలో సైన్సు చెప్పేవాణ్ణి, ముక్కు మీద కోపం ఉన్నవాణ్ణి. అది యుద్ధకాలం. మద్రాసు నుంచి ప్లేట్లు రావడం ఆగిపోయింది. నా దగ్గర ఒకే ఒక్క ప్లేటు మిగిలింది. మార్గశిర అమావాస్య నాడు, పొద్దు గూకగానే, నేను చేసుకున్న దుర్భిణికి కెమెరా కట్టి, ఉత్తరాభాద్ర చుక్కకు ఎగువన కనిపించే ఆ మసక వైపు తిప్పాను. ఆకాశం తిరిగినట్టే చేత్తో దుర్భిణిని తిప్పుతూ గంటన్నర కూర్చున్నాను. ఏమిటది? మన పాలపుంత లాంటిదే ఇంకొక నక్షత్రాల పుంత. ఆ వెలుగు అక్కడ బయలుదేరి మన దగ్గరికి రావడానికి ఏడు లక్షల ఏళ్ళకు పైగా పడుతుందని లెక్క కట్టినవాళ్ళు చెబుతున్నారు.

ఆ ప్లేటును కడగమని మునిరామయ్యకు ఇచ్చాను. అందులో ఏముందో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? పెళ్ళిళ్ళ ఫోటోలు తీసేవాడికి ఇవన్నీ ఎందుకులే అనుకున్నాను. అదీ నా బుద్ధి.

మర్నాడు సాయంత్రం వెళితే సంతోషంగా ఎదురొచ్చాడు. "సుక్కలన్నీ పదిలంగా ఉండాయి అయ్యవారూ. నడిమద్దెన మరకొకటి పడి ఉన్నింది. మద్యాన్నం నించీ కూర్సోని తీసేసినాను. ఇంగ ఎవురూ కనిపెట్టలేరు!"

ఎవరూ కనిపెట్టలేరట! నిజమే. ఒక పుంతను పుంతగా గీకేశాడు మహానుభావుడు.

నేనేం చేశాను? స్టూడియోకు ఫోటోల కోసం వచ్చిన అంతమంది ఎదుట గుడ్డివాడా అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను.

పది రోజులకు ఆయనే బడికి వచ్చాడు. "తప్పయిపొయ్యింది అయ్యవారూ. నేను తీసేసిందేందో ఒగసారి సెప్పండి" అన్నాడు. నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పాను. లేచి వెళ్ళి ఆ బొమ్మ దగ్గర నిలబడ్డాడు. తరువాత అన్నాడు: "అంత దూరం నించి మన ఇంటికొచ్చినదాన్ని నేను గడపలో ఆపేసినానా!"

పుష్య అమావాస్య నాటికి ఎక్కడి నుంచో ఒక ప్లేటు తెచ్చాడు. ఎక్కడిదని అడిగితే "ఉండాదిలెండి" అన్నాడు. ఇద్దరం కలిసి తీశాం. కుండనీళ్ళతో చల్లచల్లగా తానే కడిగాడు. ప్రింటు తీస్తే నడిమి భాగం గీతైనా కనపడకుండా తెల్లబారిపోయింది, అంచులు మాత్రం బాగా వచ్చాయి. ప్రింటు కాగితం మీద వెలుతురు ఎంత పడితే అంత నల్లబడుతుంది. పెళ్ళికొడుకు తెల్ల పంచెలో మడతలు రావాలంటే, ముఖం మాడిపోకుండా అరచెయ్యి అడ్డం పెట్టి, పంచెకు మాత్రం వెలుతురు ఎక్కువ ఇస్తారు. ఆ పనే ఇక్కడా చేశాడు. అంచులకు చెయ్యి అడ్డం పెట్టి నడిమి భాగానికి వెలుతురిచ్చాడు. పదకొండు కాగితాలు చెడిపోయాక పన్నెండోది వచ్చింది. అదే ఆ కుర్చీలో ఉన్నది. ఆ పుంత తిరిగిన చుట్లన్నీ నాకు మునిరామయ్య చేతుల్లోనే మొదట కనిపించాయి. ఇన్నేళ్ళు పాఠం చెప్పిన నాకు, పాఠమంటే ఏమిటో చూపించినవాడు ఆయన.

ఆ ప్లేటు ఎక్కడిదో నాకు అయిదు రోజుల క్రితం దాకా తెలియదు. అలివేలమ్మ గారు చెప్పారు. ఊరందరి ఫోటోలూ తీసిన ఆ దంపతులకు ఒక్క ఫోటో కూడా లేదు. ఇద్దరూ కూర్చుని తీయించుకుందామని పెట్టెలో దాచిన ప్లేటు అది. ఆమె అడ్డు చెబితే ఏమన్నాడో తెలుసా? "మన మొగాలు యాడికి పోతాయే? రేపైనా ఉంటాయి. అది పడమటికి దిగిపోతా ఉండాది." యుద్ధం అయిపోయింది, ప్లేట్లు వచ్చాయి. ఎప్పుడూ ఎవరిదో పని ముందుకొచ్చింది, వాళ్ళ ఫోటో వెనక్కి పోయింది.

మునిరామయ్యా, లెక్క తప్పావయ్యా! అది మరుసటి ఏడూ వచ్చింది. ఈ ఏడూ వచ్చింది. నీ ముఖమే లేదు. ఆనాడు నిన్ను అన్న మాటలకు ఇంతమంది ఎదుట క్షమించమని అడుగుతున్నాను. అన్నదీ నలుగురిలోనే కదా.

అలివేలమ్మ గారూ, మీ ఫోటో మా దగ్గర ఉండిపోయింది తల్లీ. మేమంతా మీకు రుణపడి ఉన్నాం.

అయ్యలారా, అమ్మలారా, ఈ ఊళ్ళో మనమంతా ఎప్పుడో ఒకనాడు ఆయన ఎదుట నిలబడినవాళ్ళమే. నల్లగుడ్డలో తల దూర్చబోతూ ఆయన అనే మాట మీకు గుర్తుందా? "కదలాకండప్పా. రెండు నిమిసాలు నాకియ్యండి, సాలు."

లేవండి. ఆయన కోసం ఇంకొక్కసారి, కదలకుండా నిలబడదాం.