చేతులు ఆగిన చోటు

జుమ్మా నమాజు అయ్యాక, మసీదు వెనక కల్లంలో మిరపకాయల తొడిమలు తీస్తున్న భార్య పక్కకు వచ్చి కూర్చున్నాడు ఇమాం.

"మైకులో నా ప్రసంగం ఇక్కడిదాకా వినపడిందా?"

"వినపడిందండి. ఆడాళ్లందరం పనిచేసుకుంటూనే విన్నాం."

"ఎలా ఉంది?"

"కమిటీ వాళ్లేమన్నారు?"

"బ్రహ్మాండం అన్నారు. ప్రతి వారం అదే మాట. ప్రతి వారం వెనక వరుసలో కునుకులు తీస్తూనే ఉంటారు. నువ్వు నిజం చెప్పు."

"బాధపడరుగా?"

"పడతాలే. చెప్పు."

"నరకం గురించి అంతసేపు చెప్పారా, ఇక్కడ ఒక్కళ్ల చెయ్యీ ఆగలేదు. తొడిమలు తీస్తూనే ఉన్నారు."

"అరబ్బీలో చదివి అర్థం వివరించానే, అప్పుడు?"

"అప్పుడూ అంతే. పక్కావిడ నన్ను ఇవాళ కూరేంటని అడిగింది."

"అబ్బా! అసలెక్కడా ఆగలేదా?"

"ఎందుకాగలేదు? అత్తయ్య ఆస్పత్రిలో ఉన్నప్పుడు అల్లాకు దువా చేద్దామంటే మీకు నోరు పెగల్లేదన్నారే, అక్కడ కల్లమంతా చేతులు ఆగిపోయాయి. రహమతున్నీసా పిన్నయితే ఆ కారం చేత్తోనే కళ్లు తుడుచుకుంది, పాపం."

"అది నేను రాసుకున్న మాట కాదు. నోరు జారింది. ఇమామై ఉండి అలా అనేశానేంటని సిగ్గుపడుతూ వచ్చా."

"వచ్చే వారం అక్కణ్ణుంచే మొదలుపెట్టండి."

"సరే. మరి నీ చెయ్యి? అదీ అక్కడే ఆగిందా?"

"అత్తయ్య సంగతి నాకు ముందే తెలుసుగా. నాది ఇందాక మీరొచ్చి నిజం చెప్పమన్నప్పుడు ఆగింది. ఇదిగో, ఆ కాయ ఇంకా చేతిలోనే ఉంది చూడండి."