తుప్పు పట్టిన గడియలు

అక్కచెల్లెళ్ల టైలరింగ్ షాపు తగలబడి ఏడాదైంది. కొత్త షాపులో చెల్లెలు తన మిషన్‌ను మళ్లీ గుమ్మం వైపు జరుపుతుంటే అక్క చూసింది.

"ఇంకో జానెడు జరిపావంటే రోడ్డు మీదే కుట్టుకోవచ్చే."

"ఇక్కడ వెలుతురు బాగుందక్కా."

"అబ్బో! నిన్న ఇస్త్రీపెట్టె కాస్త పొగ కక్కితే ఎదురింటి మెట్ల దాకా పరుగెత్తావు. అదీ వెలుతురు కోసమేనా?"

"నవ్వు, నవ్వు. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. యుద్ధాలకు వెళ్లినవాళ్లకే కాదు, మనలాంటివాళ్లకీ ఈ భయం లోపల ఉండిపోతుందంది."

"జాకెట్లు కుట్టేవాళ్లకి కూడానా!"

"ఆ రోజు గడియ బిగుసుకుపోయి మంటల్లో ఇరుక్కున్నాం కదా, మనిద్దరికీ ఉంటుందట. అవునుగానీ, ఈ తలుపు గడియేదీ?"

"తుప్పు పట్టింది. పీకేశాను."

"వెనక గదిదో?"

"అదీ తుప్పే."

"మీ బాత్రూందీనా? పాపం, లోపలున్నానని తెలియడానికి బావ పాటలు పాడుతూ స్నానం చేస్తున్నాడు."

అక్క కత్తెర కింద పెట్టింది.

"డాక్టరమ్మ దగ్గరికి రేపెన్నింటికే?"

"పదింటికి."

"నేనూ వస్తా. నీకు తోడుగా."

"తోడుగానేలే. స్క్రూడ్రైవర్ మాత్రం ఇంట్లో పెట్టి రా. ఆవిడ గది తలుపుకి గడియుంది."