ఒకటి మీద ఉన్న రింగు

సభకు అధ్యక్షత వహిస్తున్న మన అగ్నిమాపక దళం పెద్ద వాస్ గారికి, ముందు వరుసలో కూర్చున్న పెద్దలకు, పొద్దుటి నుంచి ఎల్క్ దుప్పి మాంసం ఉడికిస్తూ చేతులు కాల్చుకున్న ఆడవాళ్లకు, హకిల్‌బెర్రీ పళ్ల కేకు ఎప్పుడు కోస్తారా అని తలుపు దగ్గర నిలబడి చూస్తున్న మగవాళ్లకు, అందరికీ నమస్కారం.

మాట్లాడమని వాస్ గారు అడిగినప్పుడు, ఎనిమిదో తరగతిలోనే బడి మానేసి ఆవుల వెనక వెళ్లినదాన్ని, నన్ను వదిలేయండి అన్నాను. "చదువుకున్నవాళ్లు మాట్లాడాక నువ్వు మాట్లాడు వెర్నా, జనం మేలుకుంటారు" అన్నారాయన. మేలుకున్నారా? (నవ్వులు) ఆ మూల మా తమ్ముడు లెస్టర్ ఇంకా లేవలేదు. లేపకండి పాపం.

ఈ బల్ల మీద దుప్పటి చుట్టి ఉన్నదాన్ని చూసి అధ్యక్షుల వారు ఇందాకటి నుంచి కుర్చీని కొంచెం కొంచెం పక్కకు జరుపుకుంటున్నారు. భయం లేదండీ. అది మా అబ్బాయి గ్యారెట్ రైఫిలు. గుండ్లు లేవు, అది లేనిదే పేలని బోల్టు తీసి నా కోటు జేబులో వేసుకున్నాను. దాని సంగతికి తరవాత వస్తాను. ముందు ఈ రోజు తన తుపాకుల దుకాణానికి ఆఖరిసారి తాళం వేసి విశ్రాంతి తీసుకుంటున్న మన ఆర్లో హాల్వర్సన్ సంగతి.

ఆర్లో అన్న దగ్గర స్కోపు కొనడమంటే పెళ్లి సంబంధం చూసుకోవడం లాంటిదని మీకందరికీ తెలుసు. తుపాకి మీద బిగించే ఆ దుర్భిణి కోసం డబ్బు చేత పట్టుకుని వెళితే, ఆయన అద్దాల బీరువా తెరవనే తెరవడు. "ఎక్కడ తిరుగుతావు? అడవిలోనా, బయళ్లలోనా? పోయినసారి ఎక్కడ గురి తప్పింది?" అని అడుగుతాడు. తరవాత వట్టి స్కోపు చేతికిచ్చి పెరటి గుమ్మంలో నిలబెట్టి, దూరంగా ధాన్యం గోదాము మీది అక్షరాలు చదవమంటాడు. చదివి ఇంకా ఊపిరి పీల్చుకోకముందే, "కంచె మీద కాఫీ డబ్బా ఉంది, దొరకబుచ్చుకో!" అని అరుస్తాడు. అంతా బాగుందంటే, "ఇప్పుడు ఇంటికెళ్లి పొద్దు గుంకేటప్పుడు రా, దీపాల కింద అన్ని స్కోపులూ మంచివే" అంటాడు. సరుకు అమ్మడానికి ఇంత ఇష్టం లేని వ్యాపారిని మన మోంటానాలో ఇంకెవరూ చూసి ఉండరు. (నవ్వులు) ఆయన భార్య మార్జ్ వదిన తల ఊపుతోంది, చూడండి.

మా గ్యారెట్ ఈ మాటలు వినే రకమా? టపాలో ఒక స్కోపు తెప్పించుకున్నాడు. పాలడబ్బా అంత కన్ను దానికి, ఎన్ని రెట్లు దగ్గరగా చూడాలో తిప్పుకునే అంకెల రింగు ఒకటి. తీసుకెళ్లి చూపిస్తే ఆర్లో అన్న అటూ ఇటూ తిప్పి, "చంద్రుడి మీద దుప్పులున్నాయని ఎవరు చెప్పార్రా నీకు?" అన్నాడు.

"మామా, ఈ గట్టు మీంచి ఆ గట్టు మీద దాన్ని కొడతా, చూస్తూండు."

"ఆ గట్టు మీదది నిలబడి మేస్తుంటుంది, రింగు తిప్పి దగ్గరికి లాక్కునే తీరిక నీకు ఉంటుంది. పక్క పొదలోంచి లేచింది ఆ తీరిక ఇవ్వదు. నడిచేటప్పుడు రింగు అన్నిటికంటే కింది అంకె మీద ఉండాలి. దీంట్లో ఆ కింది అంకే ఎక్కువ."

వినలేదు. రింగు చివరిదాకా తిప్పి ఉంచుకుని దట్టమైన అడవిలోకి వెళ్లాడు. ఇక్కడి నుంచి ఆ కాఫీ పాత్ర ఉన్నంత దూరంలో పెద్ద పోతు లేచింది. మావాడు స్కోపులో కన్ను పెట్టాడు. ఇంటికొచ్చి, "అమ్మా, వెంట్రుకలే కనిపించాయే, దుప్పి కనిపించలా!" అన్నాడు. మెడో పిర్రో తెలియక తుపాకి పేల్చలేదు, అంతవరకు బుద్ధిమంతుడే. మర్నాటికల్లా లెస్టర్ ఇంత వెంట్రుకల తోలు ముక్క తెచ్చి వాడి బండి అద్దానికి అంటించాడు, "అల్లుడూ, ఇదిగో నీ దుప్పి" అని. (నవ్వులు) ఆఁ, ఇప్పుడు లేచాడు లెస్టర్.

తల వంచుకుని దుకాణానికి వెళితే, నేను చెప్పలేదా అన్న మాట ఆర్లో అన్న నోట రాలేదు. "వెంట్రుకలు పొడుగ్గా ఉన్నాయా, పొట్టిగా ఉన్నాయా? మెడవేమో?" అని మాత్రం అడిగాడు. ఆ పూట ఇద్దరూ పెరట్లో కూర్చుని చీకటి పడేదాకా ఒక్కొక్కటే చూశారు. చివరికి ఒకటి నుంచి ఆరు దాకా తిరిగే చిన్న స్కోపు ఏరారు. ఒకటి మీద పెడితే వట్టి కంటితో చూసినట్టే ఉంటుంది. "ఆరు చాలుతుందా మామా?" అని మావాడికి ఇంకా బెంగ. "నువ్వు కొట్టగలిగినంత దూరానికి చాలు. కొట్టలేనంత దూరం చూసి ఏం చేస్తావు?" అన్నాడు ఈయన.

మొన్నటి ఏడాది, వేట మొదలైన వారంలోనే, రాళ్లు జారే వాలులో గుర్రం పడింది. గుర్రం లేచింది. మావాడు లేవలేదు.

ఈ హాల్లో ఉన్న మగవాళ్లు చాలామంది ఆ రోజు వాణ్ణి కిందికి మోసుకొచ్చారు. మీకు కృతజ్ఞతలు చెప్పడానికి అప్పుడు నాకు నోరు రాలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

జీను పక్క తోలు సంచిలో రైఫిలు చెక్కు చెదరకుండా ఉంది. దాన్ని మా ఇంటికి తెచ్చింది ఆర్లో అన్నే. అందరూ నాకు దేవుడి గురించి చెప్పారు. ఆయన మాత్రం కిటికీ వెలుతురులో పెట్టి, "ఇది చూడు చెల్లెమ్మా" అన్నాడు. రింగు ఒకటి మీద ఉంది. నా మొండి వెధవ, మామ మాట విని రింగు అలా పెట్టుకునే నడుస్తున్నాడు. ఆ రోజు ఎవరి మాటలూ చేయలేని పని ఆ చిన్న అంకె చేసింది.

అప్పటి నుంచి అది మా గోడ మీదే ఉంది. అంతటా దుమ్ము తుడుస్తాను, రింగు తుడవను. దాని మీద ఆఖరి చెయ్యి వాడిది. లెస్టర్ ఒకసారి వేలు చాపితే నేను అరిచిన అరుపుకు కుక్క రెండు రోజులు ఇంట్లోకి రాలేదు. (నవ్వులు)

ఇక అసలు సంగతి. ఏటా వేట మొదలయ్యే రోజు ఊరంతా కొండల్లో ఉంటుంది, ఈయన దుకాణంలో ఉంటాడు. బండి మీంచి స్కోపు కింద పడేసుకున్నవాడు, మరలు బిగించడం మరిచిపోయినవాడు, అందరూ ఆ పొద్దునే కదా ఈయన దగ్గరికి పరుగెత్తేది! పెళ్లయినప్పటి నుంచి తన పొయ్యి ఎక్కిన దుప్పిమాంసమంతా ఊరివాళ్లు పెట్టిందేనని మార్జ్ వదిన చెబుతుంది. మొన్న అడిగాను, ఈసారి తీరిక కదా, ఏ తుపాకి పట్టుకెళతావు అని. "మంచివన్నీ అమ్మేశాను చెల్లెమ్మా" అన్నాడు.

అందుకని దీన్ని తెచ్చాను. ఆర్లో అన్నా, ఇది నీకు.

(ముందు వరుసలోంచి ఆర్లో: "వద్దమ్మా. అది నీ గోడ మీద ఉండాల్సింది.")

గోడకు దుప్పులు కనిపించవన్నా.

(ఆర్లో: "సరే. అయితే రింగు ముట్టుకోను. ఒకటి మీదే ఉంచుతా. దగ్గరికొస్తే కొడతా, లేకపోతే లేదు.")

ముట్టుకోవాలి. నిన్న రాత్రంతా దీని గురించే ఆలోచించి వచ్చాను, మళ్లీ నా మనసు మార్చకు. ఆవలి గట్టు మీద కనిపిస్తే ఆరు దాకా తిప్పు. దగ్గరికీ దూరానికీ రెంటికీ పనికిరావాలనే కదా మీ మామా అల్లుళ్లు చీకటి పడేదాకా కూర్చుని ఏరింది! తిప్పు. మళ్లీ నడక మొదలుపెట్టేటప్పుడు ఒకటి మీదికి తెచ్చుకో. నువ్వు తెచ్చినా నాకు వాడు తెచ్చినట్టే.

వదినా, ఈసారి మాంసం మీ ఇంటి నుంచి మా ఇంటికి రావాలి, గుర్తుంచుకో. ఓపిగ్గా విన్న పెద్దలకు, కుర్చీ జరుపుకున్నా లేచి వెళ్లని అధ్యక్షుల వారికి, అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. కేకు కోయించండి. మరిచేపోయాను, జేబులో బోల్టు ఉంది కదా. చెయ్యి చాపు అన్నా. ఇదిగో.

సెలవు.