మిగిలిన కాగితం

సెనెగల్ సముద్రపు ఒడ్డున జోయల్ అనే ఊరు. అధ్యక్ష ఎన్నిక రెండో విడత పోలింగు జరిగిన ఆదివారానికి మర్నాటి పొద్దున. పడవల మోటార్లు బాగుచేసే యోరో వాకిట్లో కుంపటి మీద టీ కాస్తున్నాడు. చేపలకి పొగబెట్టి అమ్మే అతని భార్య దిబోర్ తొట్టిలో బట్టలు నానబెడుతోంది. అతను ఆవులు మేపే పులారు తెగవాడు, ఆమె సెరేరు పిల్ల; ఈ రెండు తెగలవాళ్ళూ ఒకరినొకరు పాలేళ్ళని ఆటపట్టించుకోవడం అక్కడ తాతలనాటి వేళాకోళం.

“ఒప్పుకో దిబోర్. నేనేమీ అనను.”

“ఏం ఒప్పుకోవాలి బావా? లేచినప్పట్నుంచీ ఇదే పాట. ఆ జుబ్బా ఇలా విసురు.”

“జుబ్బా సంగతి తర్వాత. ఆ ఒక్క ఓటు నీదే.”

“ఊరందరూ వేసిన ఓట్లలో నాదొక్కటే కనిపించిందా నీకు?”

“ఒక్క ఓటుతో పోయింది మన బూత్. ఒకే ఒక్కటి. దేశమంతా మా అధ్యక్షుడు మళ్ళీ గెలిచాడని రేడియో గొంతు చించుకుంటోంది. నేను రెండు నెలలు డప్పు కొట్టుకుంటూ తిరిగిన బూత్‌లో మాత్రం ఆయన మీద నిలబడ్డ ఆ డాక్టరు గెలిచాడు.”

“నువ్వు డప్పు కొట్టబట్టే పోయిందేమో. నిద్రల్లేని జనం కసి తీర్చుకునుంటారు.”

“నవ్వు, నవ్వు. సెరేరు పిల్లని చేసుకోవద్దురా అని మా అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. చేప తలలు తినేవాళ్ళని నమ్మకురా అంది.”

“ఆవు తోక పట్టుకు తిరిగే పులారు వాడికి నన్నివ్వొద్దని మా ఇంట్లోనూ కొట్టుకున్నారు. వరసకి మీరు మా పాలేళ్ళు కదా, పడుంటాడులే అని మా నాన్నే సర్దిచెప్పాడు.”

“పాలేళ్ళం మేమా? మా తాతల ఆవులకి కుడితి కలిపిందెవరు?”

“కలిపాం. మిగిలింది మీ తాతలు తాగేవాళ్ళని కూడా విన్నాను. జుబ్బా ఇవ్వు బావా, సబ్బు నీళ్ళు చల్లారిపోతున్నాయి.”

“అది మాసిపోలేదు.”

“నిన్న తెల్లారినప్పట్నుంచి లెక్కింపు అయ్యేదాకా పార్టీ మనిషినంటూ ఆ జుబ్బాలోనే కూర్చున్నావు. ఇక్కడికి కొడుతోంది కంపు. చేపలు అమ్ముకునేదానికే కంపు కొడుతోందంటే ఆలోచించుకో.”

“ముందు టీ తాగు. ఇది మొదటి గ్లాసు.”

“అబ్బా, విషం.”

“మొదటి విడత చేదుగానే ఉంటుంది మరి. టీకి మూడు విడతలు పెట్టారు మన పెద్దలు. ఎన్నికలకి రెండే పెట్టారు. మూడోది కూడా ఉంటేనా, నీ పని చెప్పేవాణ్ణి.”

“మూడోది కూడా పెడితే నీ డప్పు దెబ్బకి నేనే ఊరొదిలి పోయేదాన్ని.”

“మాట మార్చకు. మొదటి విడతలో పన్నెండు మంది నిలబడ్డారు. మనిషికొకటి చొప్పున పన్నెండు పేర్ల కాగితాలు చేతిలో పెట్టారు. ఒకటి కవరులో పెట్టి మిగిలినవి పట్టుకొచ్చావు. ఎవరికేశావో తేల్చడం ఎవరి తరం? ఈసారి అలా కాదు. నీలం కాగితం మా అధ్యక్షుడిది, ఎర్రది డాక్టరుది. ఒకటి కవరులోకి పోతే రెండోది చేతిలో మిగులుతుంది. నీకు మిగిలిందేదో చూపించు, చాలు.”

“మిగిలింది అక్కడే బుట్టలో పడెయ్యమన్నారుగా.”

“ఎవరు పడేశారు? మీ చెల్లెలు తెనింగ్ దాంతో కుంపటి రాజేసింది. సిగా అవ్వ నిన్న సాయంత్రం ఇంటింటికీ తిరిగి ఏరుకుని, పొద్దున్నే వాటిల్లో వేరుశనగలు పొట్లాలు కట్టి అమ్ముతోంది. నాకూ ఒక పొట్లం ఇచ్చింది. నీలం కాగితంలో. నా మొహం మీదే.”

“పాపం. గింజలు బాగున్నాయా?”

“మాడిపోయాయి. దిబోర్, నీకు నవ్వులాటగా ఉంది. మధ్యాహ్నం మా పార్టీ పెద్ద మలాంగ్ గారొస్తారు. ఆయనేమన్నారు? దేశం సంగతి మేం చూసుకుంటాం, నీ బూత్ నువ్వు గెలిపించు, దకార్ ఓడరేవులో మోటార్ల షెడ్డు నీ చేతికిస్తాం అన్నారు. ఉండడానికి ఇల్లు. ఇంట్లోనే కుళాయి. ఇప్పుడదంతా పక్క బూత్ వాడికి పోతుంది.”

“పోతే పోయింది. ఇక్కడ పడవల మోటార్లు పాడవడం మానేశాయా?”

“చూశావా? పోతే పోయింది అంటున్నావు. నీకు దకార్ రావడం ఇష్టం లేదు.”

“నేనన్నానా ఆ మాట?”

“అనలేదు. అదే నా బాధ. వెళ్దామా అంటే, నీ ఇష్టం బావా అన్నావు. ఈ పదేళ్ళలో నువ్వు దెబ్బలాడకుండా ఒప్పుకున్నది అదొక్కటే.”

“దెబ్బలాడితే ఒక తప్పు, ఆడకపోతే ఒక తప్పు. ఆ జుబ్బా...”

“ఉండు. రెండో గ్లాసు. పంచదార దండిగా వేశాను.”

“ఇది పర్వాలేదు.”

“నీ పొగ పొయ్యిలు, ఆ రేవు, నీతో కూర్చుని ఊరందరి గుట్టూ విప్పే ఆ ఆడవాళ్ళు. అవన్నీ వదల్లేక ఎర్ర కాగితం వేసుంటావు. వేస్తే వేశావు. నేనేమైనా కోప్పడుతున్నానా?”

“అదే నాకూ అనుమానంగా ఉంది. కోపమే లేదు నీకు. రాత్రి ఓడిపోయొచ్చి రెండు పళ్ళేలు అన్నం లాగించావు.”

“ఆకలేసింది.”

“పడుకోబోతూ ఈల కూడా వేశావు.”

“దుఃఖంలో వేశాను.”

“పులారు వాళ్ళు దుఃఖంలో ఈల వేస్తారా? ఆవుల్ని పిలుస్తున్నావనుకున్నాను.”

“తప్పించుకోకు. కాగితం.”

“చూపిస్తే నోరు మూసుకుంటావా?”

“మూసుకుంటాను.”

“జుబ్బా ఇస్తావా?”

“ముందు చూపించు.”

“ఇదిగో, ఈ కొంగు చివర ముడేశాను. నా చేతులు తడి. నువ్వే విప్పుకో.”

“ఇదేంటి?”

“రంగు తెలీట్లేదా? ఎన్ని ఆవులున్నా రంగు చూసి గుర్తుపడతారంటారే మీవాళ్ళు.”

“ఎర్రది.”

“ఎర్రదే.”

“ఎర్రది మిగిలిందంటే, నువ్వు కవరులో పెట్టింది నీలం.”

“నీలం వెయ్యండి, నీలం వెయ్యండి అని రెండు నెలలు డప్పు కొట్టావుగా. నేనొక్కదాన్నయినా వినొద్దా?”

“నువ్వా? మా అధ్యక్షుడికా? ఉప్పు బస్తా ధర పెంచాడని రోజూ ఆయన్ని తిట్టనిదే పొయ్యి వెలిగించేదానివి కాదే.”

“ఆయనకెందుకు వేస్తాను? నీకు వేశాను. ఆవుల మధ్య పెరిగినవాడివి. నాకోసం ఈ ఒడ్డుకొచ్చి, పదేళ్ళు చేపల కంపులో పడుకున్నావు. నీళ్ళంటే భయం, ఇప్పటికీ మోకాలి లోతు దాటి దిగవు. ఒక్కసారైనా నువ్వు కోరుకున్న చోట ఉందామనిపించింది. పొయ్యిలు కూడా శనివారమే తెనింగ్‌కి అప్పగించేశాను.”

“నాకు చెప్పకుండానా?”

“చెబితే దాని మీదొక పాట కట్టి వీధంతా తిరుగుతావు. టీ పొంగిపోతోంది, చూడు.”

“పొంగనీ. నువ్వొట్టి పిచ్చిదానివి.”

“పిచ్చిదాన్నే. ఇంక ఆ ఒక్క ఓటు ఎవరిదో వెతుక్కో పో. జుబ్బా ఇటు తే.”

“వద్దులే. నేనే ఉతుక్కుంటాను.”

“పదేళ్ళలో చేతి రుమాలు ఉతకనివాడివి. వదులు. చిరిగిపోతుంది, వదులు బావా.”

“జేబు తడపకు.”

“జేబులో ఏముంది అంతగా? బావా.”

“ఊఁ.”

“ఇది నీలం కాగితం.”

“పొట్లం తాలూకు కాగితం అది. చెప్పాగా, సిగా అవ్వ...”

“పొట్లం కట్టిన కాగితానికి మడతలుండవా? పొట్టు అంటుకుని ఉండదా? ఇది బూత్‌లో ఇచ్చినట్టే ఉంది. నీకు నీలం మిగిలిందంటే...”

“మూడో గ్లాసు తాగు. తియ్యగా ఉంటుంది.”

“గ్లాసు అవతల పెట్టు. నువ్వు మీ అధ్యక్షుడికే వేసుంటే ఒక్క ఓటుతో మనమే గెలిచేవాళ్ళం. నీ డప్పుకి నువ్వే కన్నం పెట్టుకున్నావా? మలాంగ్ గారికి ఏం చెబుతావు?”

“మా ఆవిడ వేసిందని చెబుతాను. సెరేరు మనిషి కదా, ఇట్టే నమ్ముతారు.”

“నవ్వకు. ఎందుకు చేశావీ పని?”

“శనివారం సాయంత్రం నీ పొయ్యిల దగ్గరికొచ్చాను. ఒక్కదానివే కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్నావు. ఏంటే అంటే, పొగ అన్నావు.”

“పొగే బావా.”

“పొయ్యిలో నిప్పు లేదు దిబోర్.”